టీచర్ గారి ఎడమ చెవి

ఏ లోపమూ లేని ఒక చెవి పాడైపోతోందని, ఆ చెవినే నమ్ముకుని బతికిన మనిషికి చెప్పాను. ఆమె నమ్మింది. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా భార్యకు చెప్పలేదు. అన్నయ్యకు చెప్పలేదు. ఆఫీసులో ఎవరైనా నన్ను చూపించి "ఇతని మాటంటే మాటే" అన్నప్పుడల్లా తల దించుకుని ఫోన్లో ఏదో వెతుకుతున్నట్టు నటించేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళయితే నా తరఫున ఏదో ఒక సాకు వెతికి పెడతారు. ఆ పని నేనే చాలాకాలం చేశాను. ఇంక వద్దు.

ఆమెను ఇక్కడ వకుళ టీచర్ అంటాను. అసలు పేరు వేరు. బందరు వైపు మనిషి. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. జనక్‌పురిలో మూడో అంతస్తు ఫ్లాట్లో ఉంటూ పిల్లలకు వయొలిన్ నేర్పేవారు. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, ఒక పంజాబీ అమ్మాయి కూడా వచ్చేది. నేను అదే బిల్డింగులో డాబా మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదివి, నోయిడాలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరిన కొత్త. పొద్దున్నే మెట్లు దిగుతుంటే ఆమె శ్రుతి చేసుకోవడం వినపడేది. ఒక తీగను సవరించి, ఆగి, మళ్ళీ వెంట్రుకవాసి సవరించేవారు. ఆ ఆగడంలో ఆమె ఏం వింటున్నారో నాకు అర్థమయ్యేది కాదు. ఆ రెండు స్వరాలకీ తేడా నాకు తెలిసేది కాదు.

నాకున్న ఒకే ఒక పిచ్చి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లు చేయడం. పెద్ద హెడ్‌ఫోన్లను మోసే సత్తా ఫోనుకు ఉండదు. మధ్యలో ఒక మంచి యాంప్ పెడితే అవే హెడ్‌ఫోన్లు వేరేగా పలుకుతాయి. సెలవు రోజుల్లో అదే పని. టేబుల్ నిండా కెపాసిటర్లు, రెసిస్టర్లు, సోల్డర్ వాసన.

ఒక రోజు మెట్ల మీద టీచర్ గారే ఆపి అడిగారు. ఆమె గురువుగారి పాత కేసెట్లను ఎవరో శిష్యులు కంప్యూటర్లోకి ఎక్కించి పంపారట. వినడానికి పిల్లల తల్లిదండ్రులంతా కలిసి మంచి హెడ్‌ఫోన్లు కొనిచ్చారట. "కానీ బాబూ, ఫోనుకి పెట్టి వింటే గురువుగారు దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. నువ్వేవో మిషన్లు చేస్తావంట కదా?"

ఆ మాటకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఊరుకాని ఊళ్ళో, నా పనిని ఎవరో గుర్తించారు. నా శక్తికి మించి మంచి పార్టులు పెట్టి చేస్తానని ఆమెకు మాటిచ్చాను.

నిజంగానే పెట్టాను. అందులో చాలావరకు. కరెంటు సరఫరా చేసే భాగం దగ్గర ఏ రాజీ పడలేదు, ఎందుకంటే అక్కడ సన్నటి హోరు పుడితే అది సంగీతమంతటి వెనకా ఉంటుంది. శబ్దం దాటి వెళ్ళే చోట్ల ఖరీదైన కెపాసిటర్లు పెట్టాను. రెసిస్టర్లను మీటరు పెట్టి కొలిచి, కుడికీ ఎడమకీ సరిగ్గా ఒకే విలువ ఉన్న జతలు ఏరుకున్నాను. మంచి పార్టు పాటకు కొత్తగా ఏ అందమూ తేదు. చవక పార్టు కలిపే మురికిని కలపకుండా పాటను దాటనిస్తుంది, అంతే. ఆ 'అంతే' కోసమే మాలాంటివాళ్ళం నెలల తరబడి పార్సిళ్ళ కోసం ఎదురుచూస్తాం.

ఒక్క పార్టు రాలేదు. వాల్యూమ్ కంట్రోల్. జపాన్‌లో తయారైనది కావాలని ఆర్డరు పెట్టాను, అది దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఈలోగా టీచర్ గారు ఆదివారం అందరినీ పిలిచేశారు. "మన అబ్బాయి చేసింది" అని చూపించాలని ఆమె సరదా. నేను పాత ఢిల్లీ వెళ్ళి, గంపలో గుట్టగా పోసి అమ్ముతున్న వాటిలోంచి ఒకటి తెచ్చి బిగించాను. దాని మీద బరువైన అల్యూమినియం నాబ్ తొడిగాను. పైకి చూస్తే రాజాలా ఉంది. అసలుది రాగానే మార్చేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే, ఆ 'నిజంగానే' నాకే అనుమానంగా ఉంది.

ఆదివారం వచ్చినవాళ్ళలో రావు గారు ముఖ్యులు. పెద్ద ఆఫీసరు. ఆయన కూతురు మేఘన, టీచర్ గారి శిష్యుల్లో అందరికంటే బాగా వాయించేది. ఇంట్లో తెలుగు అర్థం చేసుకుని హిందీలో జవాబిచ్చే పిల్ల. నేను మూత తీసి ఒక్కొక్క పార్టూ చూపించి చెప్పాను. వాల్యూమ్ కంట్రోల్ దగ్గరికొచ్చేసరికి, "ఇది జపాన్‌ది సార్" అన్నాను. నోరు దానంతటదే అంది. ఎవరూ అడగను కూడా అడగలేదు.

తర్వాత టీచర్ గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి ఆమె కుడిచెయ్యి లేచి గాలిలో కమాను తిప్పింది. "ఇదుగో, ఇక్కడ మార్చారు చెయ్యి!" అని పైకే అరిచారు. "ఎన్నేళ్ళ నుంచి ఈ తోడి రాగం వింటున్నాను, ఇక్కడ ఒకే కమాను అనుకున్నాను. రెండు! రెండు కమానులు!" అప్పుడామె ముఖం ఎలా వెలిగిందో నాకిప్పటికీ గుర్తుంది. ఆ ముఖాన్ని తలుచుకుని నేను గర్వపడే హక్కు పోగొట్టుకున్నాను. అయినా ఆ ముఖాన్నే ఎక్కువగా తలుచుకుంటాను.

రావు గారు అక్కడికక్కడే తనకూ ఒకటి కావాలన్నారు. ఆయన స్నేహితులు ఇద్దరు అడిగారు. జపాన్ పార్టు కొద్ది వారాలకు వచ్చింది. అప్పటికి రావు గారి యాంప్ బల్ల మీద సగంలో ఉంది. టీచర్ గారు ఏ ఫిర్యాదూ చేయలేదు కదా, తర్వాత చూద్దాం అనుకుని దాన్ని ఆయనదానిలో బిగించేశాను.

మీకు ఒక్క విషయం చెప్పాలి, అది తెలియకపోతే నేను చేసింది అర్థం కాదు. ఆ వాల్యూమ్ కంట్రోల్ లోపల రెండు దారులుంటాయి, కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి. మంచిదానిలో ఆ రెండూ మొదటి నుంచి చివరిదాకా కలిసి నడుస్తాయి. చవకదానిలో శబ్దం పెంచినప్పుడు తేడా తెలియదు. బాగా తగ్గించినప్పుడు మాత్రం ఒకటి వెనకబడుతుంది. ఒక చెవిలో తక్కువగా వినిపిస్తుంది. ఈ సంగతి నా రంగంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ తెలుసు.

టీచర్ గారు చెవులను ప్రాణంగా చూసుకునేవారు. గట్టిగా వింటే పాడవుతాయని ఎక్కడో విని, చలికాలం వచ్చేసరికి బాగా తగ్గించి వినడం అలవాటు చేసుకున్నారు. ఒక శనివారం నన్ను పిలిచారు. వెళ్ళేసరికి క్లాసు అయిపోయింది. మేఘన వయొలిన్ పెట్టెలో సర్దుకుంటోంది. రావు గారు సోఫాలో పేపరు చదువుతున్నారు.

"గురువుగారు మధ్యలో కూర్చుని వాయించేవారు బాబూ" అన్నారు టీచర్ గారు. "కొన్నాళ్ళ నుంచి కుడివైపుకి జరిగి కూర్చున్నట్టుంది. ఎడమ చెవికి సరిగ్గా అందడం లేదు. ఒకసారి చూడు. ఈలోపు కాఫీ పెడతాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నాబ్ ఆమె ఎక్కడ ఉంచారో అక్కడే ఉంది, బాగా కిందికి. వయొలిన్ కుడివైపు వినిపించింది. నా ఎడమ చెవికీ తక్కువే. ఇంకేం కావాలి? అయినా హెడ్‌ఫోన్లు తీసి తిరగేసి పెట్టుకున్నాను, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. వయొలిన్ ఎడమవైపుకు జరిగింది. చెవి తప్పయితే అలా జరగదు. నాబ్ పెంచితే మధ్యకు వచ్చింది, కాబట్టి హెడ్‌ఫోన్ల తప్పూ కాదు. తప్పు పూర్తిగా నా డబ్బాలో ఉంది. గంపలోంచి తెచ్చిన ఆ పార్టులో.

వంటింట్లో గ్లాసుల చప్పుడు. పేపరు పేజీ తిప్పిన చప్పుడు. హెడ్‌ఫోన్లు మళ్ళీ మామూలుగా, ఎడమది ఎడమవైపే ఉండేలా బల్ల మీద పెట్టాను. ఎంత జాగ్రత్తగా పెట్టానంటే, ఆ జాగ్రత్త చాలు నన్ను పట్టివ్వడానికి.

టీచర్ గారు కాఫీ తెచ్చారు. "ఏమైంది?"

"మిషన్ బాగానే ఉందండీ."

"మరి నాకెందుకలా?"

అప్పుడైనా ఆగొచ్చు. తెలియదండీ, పైకి తీసుకెళ్ళి చూస్తాను అనొచ్చు. అది కూడా అబద్ధమే, కానీ ఎవరినీ దెబ్బతీయని అబద్ధం. రావు గారు పేపరు దించి నా వైపు చూశారు. ఆయన ఇంట్లో ఉన్నదీ నేను చేసిందే. నేను గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అన్నాను.

"వయొలిన్ వాయించేవాళ్ళకి ఎడమ చెవి ముందు తగ్గుతుందని చదివానండీ. వాయిద్యం ఆ చెవి దగ్గరే ఉంటుంది కదా."

ఆమె చెయ్యి ఎడమ చెవి దగ్గరికి వెళ్ళి ఆగింది.

"అరే, అచ్ఛా" అన్నారు రావు గారు జాలిగా. "ఆంటీకి చెకప్ చేయించాలి మేఘనా, యాద్ దిలానా, గుర్తుచెయ్యి."

అంతే జరిగింది. కాఫీ తాగాను. బాగుంది కూడా.

తర్వాతి నెలల్లో జరిగినదాన్ని నేను మెట్ల మీంచి విన్నాను. పొద్దున శ్రుతి చేసుకోవడం అంతకంతకూ పెరిగింది. ఇదివరకు తీగను ఒకటి రెండుసార్లు సవరించే మనిషి, సవరిస్తూనే ఉండేవారు. పాఠం మొదలై ఆగిపోయేది. మళ్ళీ తీగ. గుళ్ళో జరిగిన ఒక గాత్ర కచేరీకి పక్కవాద్యం వాయిస్తూ ఆమె రెండుసార్లు ఆగి శ్రుతి చూసుకున్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. నా పక్కనావిడ ఎవరితోనో, "ఎడమ చెవి పోయిందటండీ పాపం, రావు గారు చెప్పారు" అంది. వయొలిన్‌లో ఏ తప్పూ లేదు. నా చెవికి తెలియదని మీరనొచ్చు. ఆ కచేరీ ఎవరో రికార్డు చేశారు. తర్వాత దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఒక్కొక్క స్వరం కొలిచి చూశాను. ఎక్కడా శ్రుతి తప్పలేదు. కొలిచి, చూసి, ఆ ఫైలు చెరిపేశాను. ఎందుకు కొలిచానో, ఎందుకు చెరిపేశానో, రెండింటికీ జవాబు ఒకటే అనుకుంటాను. ఆ జవాబు నాకు నచ్చదు.

ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రెండు చెవులూ ఒకేలా ఉన్నాయి, వయసుకు తగ్గట్టే ఉన్నాయి అన్నాడట. ఈ మాట మెట్ల మీద ఆమే చెప్పారు. నాకు ఒక్కసారిగా ఊపిరాడింది. పోనీలే, ఇంక నమ్ముతారు అనుకున్నాను. కానీ ఆమె తల అడ్డంగా ఊపారు. "వాళ్ళ మిషన్ కూ, కీ అని మోగుతుంది బాబూ. దానికి గమకం ఏం తెలుసు? నీకు తెలుసు, నువ్వు చెప్పావు. ఆయనకి నా మొహం చూసి నిజం చెప్పడానికి మనసొప్పి ఉండదు."

నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఎవరికి దొరుకుతుంది? ఎదురుగా నిలబడి ఉన్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. "అవునండీ" అన్నాను. ఎందుకన్నాను? నా పేరు పోతుందనా? అప్పటికి నా పేరెంత, ఓ నలుగురికి తెలిసినంత. చిన్న తప్పును దాచడానికి అబద్ధమాడాను, ఇప్పుడు అబద్ధమే పెద్దదైపోయింది, దాన్ని ఒప్పుకుంటే ఆమె ముఖంలో నేనేం చూడాల్సి వస్తుందో అన్న భయం. అంతేనా? ఇంకా ఉంది. అంత పెద్ద విద్వాంసురాలు నా మాటను డాక్టరు మాటకంటే ఎక్కువగా నమ్మడం, ఆ క్షణంలో, నాకు ఎక్కడో బాగానే అనిపించింది. ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. కానీ ఉన్నదదే.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు మేఘన మెట్లు దిగుతూ ఎదురైంది. రెండు చేతుల్లో రెండు వయొలిన్ పెట్టెలు. ఒకటి టీచర్ గారిది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "టీచర్ నే సబ్‌కో మనా కర్ దియా భయ్యా" అంది. "కహ్ రహీ థీ, అప్నే కాన్ పే భరోసా నహీ రహా." టీచర్ గారు అందరినీ ఇంక రావద్దన్నారట, తన చెవి మీద తనకే నమ్మకం పోయిందన్నారట. మేఘన నన్ను దాటి వెళ్ళిపోయింది. నమ్మకం పోయిన చెవితో పిల్లలకు నేర్పడం మోసమవుతుందని ఆమె అనుకున్నారు. ఎంత నిజాయితీ ఉంటే అలా అనుకుంటారు! ఆ నిజాయితీనే నేను ఆమె మీదికి తిప్పాను.

మర్నాడు పొద్దున మెట్ల మీద ఏ చప్పుడూ లేదు. నేను ఆ వేసవిలోనే గది ఖాళీ చేసి నోయిడా వెళ్ళిపోయాను. ఆఫీసు దగ్గరవుతుందని అందరికీ చెప్పాను. యాంప్‌లు చేయడం మానేశాను. తీరిక లేదని చెప్పాను. పెళ్ళయింది, పాప పుట్టింది. పాప పాటల క్లాసులో చేరతానంటే నేను గిటార్ అన్నాను, కీబోర్డు అన్నాను, వయొలిన్ మాత్రం వద్దన్నాను. మా ఆవిడ ఎందుకని అడిగితే మెడనొప్పి వస్తుందన్నాను.

పోయిన చలికాలంలో ఎవరిదో పెళ్ళిలో రావు గారు కనబడ్డారు. టీచర్ గారు జనక్‌పురి ఇల్లు వదిలేసి మయూర్ విహార్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారని చెప్పారు. రెండు వారాలు తటపటాయించి వెళ్ళాను. ఏం చెప్పాలో మెట్రోలో మనసులోనే వల్లె వేసుకున్నాను.

ఆమె బాగా సన్నబడ్డారు. శాలువా కప్పుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. నన్ను చూసి ఎంత సంతోషించారో! పాప ఫోటో అడిగి చూశారు. గది అంతటా కళ్ళతో వెతికాను, సంగీతం తాలూకు వస్తువు ఒక్కటి లేదు. టీవీలో ఏదో వంటల కార్యక్రమం. నేను నోరు తెరిచేలోపే ఆమె అన్నారు.

"నిన్ను చాలాసార్లు అనుకున్నాను బాబూ. ఆ రోజు నువ్వొక్కడివే మొహమాటపడకుండా నాకు నిజం చెప్పావు. మిగతావాళ్ళంతా బాగుంది టీచర్ గారూ, బాగుంది అనేవాళ్ళు. లేకపోతే తప్పుడు శ్రుతి నేర్పి ఎంతమంది పిల్లల్ని పాడుచేసేదాన్నో."

నేను వల్లె వేసుకున్నదంతా పోయింది. ఇంకాసేపు కూర్చుని, లేచి, చెల్లెలుగారికి కూడా నమస్కారం పెట్టి బయటపడ్డాను. మెట్లు దిగాను. గేటు దాటాను. మెట్రో స్టేషన్ మెట్ల దాకా వెళ్ళి అక్కడ నిలబడిపోయాను. జనం నన్ను తోసుకుంటూ వెళ్తున్నారు. ఇప్పుడు రైలెక్కితే, ఆమె కృతజ్ఞత కూడా జేబులో వేసుకుని వెళ్ళినట్టే. వెనక్కి తిరిగాను.

తలుపు తీసిన చెల్లెలుగారు ఏదో మర్చిపోయానేమో అనుకున్నారు. నేను గుమ్మంలోనే నిలబడి, లోపల కూర్చున్న టీచర్ గారికి మొత్తం చెప్పాను. గంపలోంచి తెచ్చిన పార్టు. జపాన్‌దని చెప్పడం. హెడ్‌ఫోన్లు తిరగేసి చూడడం. తెలిసి కూడా చెవి అనడం. డాక్టరు మాట మీద అవునండీ అనడం. ఆమె అడ్డురాలేదు. ఏడవలేదు. నా వైపు కాకుండా తన చేతుల వైపు చూసుకున్నారు. ఎడమచేతి వేళ్ళు బొటనవేలితో ఒక్కొక్కటిగా తడుముకున్నారు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాచిన వేళ్ళు, మెత్తబడిపోయి ఉంటాయి.

ఒకే మాట అడిగారు. "అయితే ఆ ఏడాది నేను వాయించింది... శ్రుతిలోనే ఉందా?"

"ఉందండీ. ఆ గుళ్ళో కచేరీ రికార్డు కొలిచి చూశాను. ఎక్కడా తప్పలేదు."

ఆమె తలెత్తారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఆ మాట నువ్వు చెబితే నేనెలా నమ్మేది బాబూ?"

చూపించడానికి ఆ ఫైలు లేదు. ఆమె చెల్లెలితో, బయటి చలికాలపు పొగ లోపలికి వస్తోంది, తలుపు వెయ్యమన్నారు. నేను బయటికి జరిగాను. తలుపు పడింది.

మర్నాడు రావు గారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ? పెద్దావిడ ప్రశాంతంగా ఉన్నారు కదా" అన్నారు. మీరు ఎవరెవరికి ఆమె చెవి గురించి చెప్పారో వాళ్ళకు నిజం కూడా చెప్పండి సార్ అని బతిమాలాను. "ఠీక్ హై, దేఖ్‌తే హైఁ" అని, చూద్దాంలే అన్నట్టు, ఫోన్ పెట్టేశారు. చెప్పారో లేదో తెలియదు. మేఘన నంబరు అడిగి తీసుకుని, ఆమెకు కూడా మెసేజ్ రాశాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. వస్తుందనీ అనుకోను.

టీచర్ గారిని క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేక కాదు, అడిగితే ఆమె ఆ మంచితనం కొద్దీ క్షమించేస్తారేమోనని. మీరు కూడా ఆ పని చేయకండి. ఆమె మళ్ళీ వాయిస్తున్నారా అని మీకు అనిపించవచ్చు. లేదు. చెల్లెలుగారిని ఒకసారి ఫోన్లో అడిగాను, లేదన్నారు, ఇంక చేయొద్దన్నారు.

మరి ఇదంతా ఎందుకు రాశానంటే, జనక్‌పురిలో ఒకప్పుడు ఒక వయొలిన్ టీచర్‌కు చెవి పోయిందని విన్నవాళ్ళు మీలో ఉండొచ్చు. పాపం అనుకుని మీ పిల్లల్ని వేరేచోట చేర్చి ఉండొచ్చు. ఆ చెవికి ఏమీ కాలేదు. పాడైంది నేను చేసిన డబ్బా. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఈ మూడు మాటలూ పోయిన చలికాలం దాకా నా ఒక్కడి దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు మీ దగ్గర కూడా ఉన్నాయి. ఇందాకటి నుంచి బిగపట్టి ఉన్న భుజాలు కొంచెం దిగాయి. అంతకు మించి ఏమీ మారలేదు.